గోడవైపు తిప్పిన ఫ్యాన్

మా బిల్డింగ్‌లో ఆడవాళ్లు నన్ను చాటుగా మీటరక్క అంటారు. చాటుగా అనుకునే మాట ఎన్నాళ్లు చాటున ఉంటుంది? ఒకరోజు నా చెవినే పడింది. కోపం రాలేదు సరికదా, లోపల్లోపల సంబరపడ్డాను. సూరత్‌లో, డిండోలిలో, మూడంతస్తుల ఈ బిల్డింగ్‌లో అందరికంటే తక్కువ కరెంటు కాల్చే ఇల్లు మాదేనన్నమాట అనుకున్నాను. ఆ సంబరం ఎంత సిగ్గుమాలినదో నాకు తెలిసిరావడానికి మా మామ తన నిద్ర పోగొట్టుకోవాల్సి వచ్చింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడితే పడనీ, చెప్తాను.

పెళ్లయి ఇక్కడికి వచ్చిన కొత్తలో మేము ఖటోదరాలో కార్ఖానా మీది గదిలో ఉండేవాళ్లం. కింద సాంచాలు, పైన మేము. మరమగ్గాలను మావాళ్లు సాంచాలనే అంటారు. ఆ తర్వాత కొన్నేళ్లు కిరాయి ఇంట్లో ఉన్నాం. ఆ ఇంటి ఓనరు మా వాటాకు వేరే చిన్న మీటరు బిగించి, యూనిట్‌కు తన నోటికి ఎంతొస్తే అంత వసూలు చేసేవాడు. ఎండాకాలంలో రెండో ఫ్యాన్ తిరిగితే కింది నుంచి కేకేసేవాడు. ఒకసారి ఊరి నుంచి చుట్టాలొచ్చి నాలుగు రోజులున్నారని ఫ్యూజు పీక్కుని పోయాడు. ఆ ఉక్కలో, ఒళ్లంతా చెమటకాయలతో ఏడుస్తున్న పసిపిల్లకు అట్టముక్కతో విసురుతూ కూర్చున్న మధ్యాహ్నం నేను ఒట్టు పెట్టుకున్నాను, మనకంటూ ఒక మీటరు ఉండాలని. డిండోలిలో ఈ ఫ్లాటు కొనుక్కున్నాక ఆ ఒట్టు తీరింది. ఒక గది, హాలు, వంటిల్లు. కింద మెట్ల దగ్గర వరుసగా ఉన్న మీటర్లలో మాది నాలుగోది.

పొద్దున లేవగానే దేవుడికి దండం పెట్టడం కంటే ముందు ఆ నాలుగో మీటరును చూసి వచ్చేదాన్ని. అంకె చూసి పైకొచ్చి వంటింట్లో క్యాలెండరు మీద రాసేదాన్ని. బియ్యం అరగంట నానకుండా పొయ్యి ఎక్కేవి కాదు. పప్పు గిన్నె మీద మూత లేకపోతే నా బీపీ పెరిగేది. ఫ్రిజ్ తలుపు తీసి నిలబడి ఏం కావాలో ఆలోచించే అలవాటు మా అమ్మాయికి ఉండేది. ముందు ఆలోచించుకుని తర్వాత తలుపు తీయమని దాని చేతిని ఎన్నిసార్లు లాగానో. బట్టలకు ఇస్త్రీ అంటే పరుపు కిందే. నేను ఇంట్లో చీరలకు ఫాల్ కుట్టే పని చేస్తాను. మిషన్‌కు మోటరు బిగించుకోమని అందరూ అంటే, దేవుడు కాళ్లెందుకిచ్చాడు అన్నాను. మా ఆయన మిల్లులో పగటి పాళీ చేస్తాడు, పాళీ అంటే పన్నెండు గంటలు. ఫోన్ ఛార్జింగ్ అక్కడే పెట్టుకుని రావాలని ఆయనకు నా ఆర్డరు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మా అమ్మ అంటుండేది. నేను దీపం ఆర్పి చక్కబెట్టుకున్న దాన్ని.

ఇంట్లో నా మాట వినని వస్తువు ఒక్కటే ఉండేది, మామ ఫ్యాన్.

మామ కరీంనగర్ వైపు పల్లె నుంచి మీసాలు రాని వయసులో సూరత్ వచ్చి నలభై ఏళ్లు సాంచాలు నడిపాడు. ఎక్కువగా రాత్రి పాళీయే. రాత్రంతా పని, పగలు నిద్ర. ఆ మోతకు చెవులు ముప్పాతిక వంతు పోయాయి. పక్కన పళ్లెం పడితే వినపడుతుంది, పిలిస్తే వినపడదు. సాంచాల దగ్గర పనిచేసేవాళ్లంతా పెదవులు చూసి మాట పట్టుకుంటారు, మామా అంతే. ఎదురుగా నిలబడి మాట్లాడితే ఏదీ దాటిపోదు. మా అత్తమ్మ పోయాక, మోకాళ్లు మొరాయించాక పని మానేసి ఇంటి పట్టున ఉన్నాడు. అయినా ఆయన ఒంటికి రాత్రి పాళీ పోలేదు. రాత్రి ఏదో కాసేపు కునికి, పొద్దున చాయ్ తాగాకే అసలు నిద్ర పోయేవాడు. హాల్లో కిటికీ పక్కన ఇనప మంచం ఆయనది.

ఆ మంచం పక్కన ఆ ఫ్యాన్. కార్ఖానాలో మూలన పడేసిన దాన్ని సేఠ్‌ని అడిగి తెచ్చుకున్నాడు. మనిషెత్తు ఇనప స్టాండు, ముందు జాలీ సగం ఊడి, తిరుగుతుంటే ధడధడమని లారీ ఇంట్లోకి వచ్చినట్టుండేది. పొద్దున తొమ్మిదికి వేస్తే మధ్యాహ్నం రెండింటిదాకా ఆపేవాడు కాదు. ఎండాకాలం సరే. సూరత్‌లో ఉండే ఆ కొద్దిపాటి చలికాలంలో కూడా దుప్పటి కప్పుకుని మరీ ఫ్యాన్ వేసుకునేవాడు. ఇంకా విచిత్రం, గాలి ఆయన మీదికి రాకుండా ఫ్యాన్ మొహం గోడవైపు తిప్పేవాడు. మంచం కాలు ఒకటి ఎత్తి ఆ స్టాండు దిమ్మ మీద ఆనించేవాడు. నేను ఎన్నోసార్లు ఆ కాలు కిందికి దించాను. మళ్లీ చూసేసరికి దిమ్మ మీదే ఉండేది.

ఒకరోజు ఎదురుగా నిలబడి అడిగాను. "గోడకు ఉక్కపోస్తుందా మామా? దానికెందుకు గాలి?"

ఆయన నవ్వాడు. "ఉండనియ్యి బిడ్డా, ఉండనియ్యి."

ఇంతకంటే ఏం చెప్పలేదు. ఆయనకు చెప్పడం తెలియదేమో. నాకు అడగడం తెలియలేదు. ఎగతాళి చేయడం మాత్రం బాగా వచ్చు. "మా ఇంట్ల గోడలకు గూడ ఫ్యాన్ గావాలె, అంత రాజభోగం మాది" అని మెట్ల మీద కూర్చుని చెబితే బిల్డింగంతా పడీ పడీ నవ్వింది. కొన్నాళ్లు మామ కనబడితే చాలు, ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. ఆయన వాళ్లకు నవ్వుతూ తల ఊపి పోయేవాడు. వాళ్లెందుకు నవ్వుతున్నారో తెలుసో లేదో నాకు ఇవాళ్టికీ తెలియదు.

అదే రోజుల్లో ఆల్థాన్‌లో ఒక మేడమ్ ఇంటికి చీరలు ఇవ్వడానికి వెళ్లాను. వాళ్ల హాల్లో తెల్లటి ఫ్యాన్ తిరుగుతోంది. తిరుగుతున్నట్టు తల మీది గాలి చెబితే తప్ప తెలియదు, అంత మౌనం. దానికి రిమోట్ కూడా ఉంది. పాత ఫ్యాన్ తినేదాంట్లో సగం కూడా తినదని మేడమ్ చెప్పింది. ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు. ఇంటికొచ్చి మా ఆయనను పట్టుకున్నాను.

"బాపును అడిగినవా?" అన్నాడు ఆయన.

"అడిగేదేంది? బిల్లు బాపు కడుతున్నడా?" అన్నాను.

ఆయన ఇంకేదో అనబోయి ఊరుకున్నాడు. మా ఇంట్లో చాలా మాటలు అక్కడే ఆగిపోతాయి.

కొత్త ఫ్యాన్ వచ్చింది. మామ క్షవరానికి వెళ్లిన పూట చూసి హాల్లో పైన బిగింపించాను. కింద పాత ఇనుము కొనే భంగార్ బండివాడు అరుస్తుంటే పిలిచి పాత ఇనప ఫ్యాన్‌ను తూకానికి ఇచ్చేశాను. మామ గడ్డం నున్నగా గీయించుకుని వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. ఫ్యాన్ ఉన్న చోట నేల మీద నూనె మరక ఉంది. దాన్ని చూశాడు, నన్ను చూశాడు. నేను వేలు పైకి చూపించి రిమోట్ నొక్కాను.

"తిరుగుతుందా?" అన్నాడు.

"తిరుగుతుంది. సప్పుడు రాదు, గంతే. కరెంటు గూడ మస్తు తక్కువ."

చాలాసేపు తల ఎత్తి చూశాడు. "మంచిగుంది బిడ్డా" అన్నాడు.

రిమోట్ నా దగ్గరే ఉంచుకున్నాను. ఎవరి చేతిలో పెట్టినా ఐదో నంబరు మీద పెడతారని నా భయం. నేను వేస్తే తిరిగేది, నేను ఆపితే ఆగేది. మామ ఒక్కసారి కూడా అడగలేదు.

అప్పటి నుంచి ఆయన చాయ్ తాగి మంచం ఎక్కేవాడు కానీ నిద్రపోయేవాడు కాదు. కళ్లు తెరుచుకుని పైకి చూస్తూ ఉండేవాడు. చెవుల మీద అరచేతులు గట్టిగా అదుముకుని కూర్చునేవాడు. వినబడని మనిషి చెవులు మూసుకోవడమేంటని నాకు నవ్వొచ్చింది కూడా. ఒక్కోసారి చాప తెచ్చుకుని నా మిషన్ పక్కనే నేల మీద పరుచుకుని, వీపు మిషన్ బల్లకు ఆనించి కూర్చునేవాడు. నేను తొక్కుతుంటే ఆయన కళ్లు మెల్లగా మూతపడేవి. నాకేమో జరీ చీరలు మైల పడతాయని భయం.

"జర అటు జరుగు మామా, చీరల మీద కాలు వడ్తది" అన్నాను రెండు మూడుసార్లు. తర్వాత ఆయన అక్కడికి రావడం మానేశాడు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇక్కడే పుట్టింది కాబట్టి దాని నోట్లో మూడు భాషలు కలిసే వస్తాయి. ఒకరోజు బడి నుంచి వచ్చి, "మమ్మీ, తాతకు ఊంఘ్ వస్తలేదు. ఆంఖే చూడు, ఎంత లాల్ ఉన్నయో" అంది. ఊంఘ్ అంటే గుజరాతీలో నిద్ర.

నేను చీరకు దారం కత్తిరిస్తూ, మామ హాల్లోనే ఉన్నాడన్న సంగతి పట్టించుకోకుండా, ఎటూ వినబడదులే అన్న ధీమాతో, "పని చేయనోళ్లకు నిద్రెట్ల వస్తది?" అన్నాను.

తల ఎత్తితే మామ నాకు ఎదురుగా మంచం మీద కూర్చుని నా మొహం వైపే చూస్తున్నాడు. నా పెదవుల వైపు. నేను గబుక్కున తల దించుకుని మిషన్ తొక్కాను. ఆ మాట రాయడానికి ఇవాళ కూడా నా చేయి ఆగుతోంది. కానీ అన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదడమని నవ్వుకునే మనిషిని నేను. ఆ రోజు ఊదిన శంఖం పూర్తిగా వినబడింది.

మర్నాటి నుంచి మామ పొద్దున చాయ్ తాగగానే చెప్పులేసుకుని బయల్దేరేవాడు. "ఎక్కడికి మామా?" అంటే, "గిట్లనే, దోస్తుల కాడికి" అనేవాడు. మధ్యాహ్నం మూడింటికి వచ్చి అన్నం తినేవాడు. కళ్ల ఎరుపు తగ్గింది. మనిషి కాస్త తేరుకున్నాడు. నాకైతే పండగే. పొద్దంతా హాల్లో ఎవరూ లేరు, ఫ్యాన్ లేదు, లైటు లేదు, టీవీ లేదు. వెలుతురు కోసం కిటికీ దగ్గరికి మిషన్ జరుపుకున్నాను, మామ మంచం ఉండే చోటికి. మంచం మడత మంచం కాదు కాబట్టి నిలువుగా గోడకు ఆనించేదాన్ని. సాయంత్రం ఆయనే దాన్ని దించుకునేవాడు.

ఆ రెండు నెలలకు కలిపి బిల్లు వచ్చింది. నేను ఈ ఇంట్లోకి వచ్చాక అంత తక్కువ బిల్లు చూడలేదు. దాన్ని చేత్తో పట్టుకుని మూడంతస్తులూ ఎక్కి దిగాను. పక్కింటి ఆవిడకు చూపించాను, కింద కిరాణా కొట్టు గుజరాతీ బేన్‌కు చూపించాను. "తుమ్‌కో తో సర్కార్ ఇనామ్ దేగీ" అంది ఆమె, నీకైతే సర్కారే బహుమతి ఇస్తుందని. మీటరక్క ఆ రోజు నేల మీద నడవలేదు.

రెండు రోజులకు కింది వాటాలో ఉండే మా జిల్లా అమ్మాయి మెట్ల మీద నన్ను ఆపింది. ఆమె భర్త ఖటోదరాలో సాంచాలు నడుపుతాడు.

"అక్కా, ఏమనుకోవద్దు. మీ మామను మళ్ల పనికి తోలుతున్నరా?"

"ఏంది? పనికా?"

"మా ఆయన రోజూ చూస్తున్నడట. ఆయన ఇదివరకు చేసిన కార్ఖాననే. గీ వయసుల ముసలాయినను ఎందుకు తోలుతున్నరని నలుగురు అనుకుంటున్నరట."

నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆ సిగ్గు మామ కోసం కాదు. నలుగురు అనుకుంటున్నందుకు. తిండి పెట్టలేక ముసలివాణ్ణి కార్ఖానాకు తోలిన కోడలిగా నా పేరు ఊరిదాకా పాకుతుంది, మా తల్లిగారింటిదాకా పోతుంది. మూడు పూటలా వేడిగా వండి పెడుతుంటే, నా పరువు తీయడానికి పనికి పోతాడా? కుట్టే చీర అలాగే మిషన్ మీద వదిలేసి తాళం వేశాను. షేర్ ఆటోలో ఉధ్నాదాకా, అక్కడి నుంచి ఇంకో ఆటో. దారి పొడుగునా ఏమేం అనాలో వరుసగా పేర్చుకున్నాను. ఇంటికి తీసుకురావడం కాదు, నలుగురి ముందు కడిగేసి తీసుకురావాలనుకున్నాను.

ఖటోదరాలో ఆ సందు నాకు తెలుసు. కొత్త పెళ్లికూతురిగా నేను దిగిన సందే. మలుపు తిరగకముందే అరికాళ్లకు అదురు తెలుస్తుంది. లోపలికి అడుగుపెడితే సాంచాల మోత మొహం మీద కొట్టినట్టు తగిలింది. మాట అనేదే వినబడదు. తలుపు దగ్గర మాస్టరు, అంటే సాంచాలు చూసుకునే పెద్ద పనివాడు, మా వాడే, ఏం కావాలని చేత్తో అడిగాడు. నేను మామ ఎత్తు, కుంటి నడక చేతులతో చూపించాను. అతను నవ్వి, రమ్మని సైగ చేసి చివరి వరుస దాకా నడిపించాడు.

ఆఖరి సాంచాకూ గోడకూ నడుమ నూలు కండెల సంచులు పేర్చి ఉన్నాయి. వాటి మీద మామ నిద్రపోతున్నాడు. వెల్లకిలా పడుకుని, నోరు తెరుచుకుని, ఒక అరచేయి గోడకు ఆనించి. గోడ అదురుతోంది, ఆ చేయీ అదురుతోంది. తల మీద, కనుబొమల మీద తెల్లటి నూగు పడి ఉంది. నడుమ ఎవరో కండె పడేశారు, ఇనప చప్పుడైంది. ఆయన కదల్లేదు. ఎన్ని రోజులైందో ఆయన నిద్రపోవడం నేను చూసి.

మాస్టరు నన్ను బయట చాయ్ బండి దగ్గరికి తీసుకుపోయాడు.

"రోజూ వస్తడు చెల్లె. పని అడగడు, పైసలు అడగడు. పాత మనిషి గదా, సేఠ్ గూడ ఏమనడు. గా మూలకు పండుకుంటడు, లేచి చాయ్ తాగి పోతడు."

"ఇంత మోతల నిద్రెట్ల వడ్తదన్నా?"

"మోత లేకుంటెనే పట్టది చెల్లె. నలభై ఏండ్లు సాంచాల నడుమ ఉన్నోని చెవులల్ల సాంచా ఆగదు. పొద్దు మాపు నడుస్తనే ఉంటది. బయట సప్పుడు లేకుంటే లోపలి సప్పుడు ఇంకింత జోరైతది. తలకాయ వలిగినట్టుంటది. మా బాపుకు గంతే ఉండె, పోయేదాక రేడియో గరగర పెట్టుకొని పండుకునేది." అతను గ్లాసు కింద పెట్టి నన్ను చూశాడు. "మీరు గూడ గా మీది అర్రలనే ఉండె గదా. నీకు తెల్వదా?"

తెలుసు. అదే నన్ను చంపింది. నాకు తెలియదని చెప్పుకోవడానికి కూడా లేదు. ఆ పైగదిలో ఉన్నప్పుడు, వారానికో రోజు కార్ఖానా బందు ఉండేది. ఆ రోజు కింద సాంచాలు ఆగిన నిమిషంలో, పగలు పడుకున్న మగవాళ్లంతా ఒక్కసారే లేచి కూర్చునేవాళ్లు. అందరికీ చప్పుడుకు మెలకువ వస్తే మావాళ్లకు చప్పుడు ఆగితే వచ్చేది. కొత్త కోడలిగా నేను దాన్ని చూసి నవ్వుకున్నాను, అమ్మకు ఫోన్‌లో చెప్పి నవ్వించాను. అంత తెలిసిన దాన్ని, గోడవైపు తిరిగిన ఫ్యాన్‌ను ఐదేళ్లు చూస్తూ, అది గాలి కోసమనే అనుకున్నాను. గాలి మీద పడితే ఆయనకు దగ్గు, నూగు పీల్చిన రొమ్ము కదా. అందుకే గోడకు తిప్పేవాడు. మంచం కాలు దిమ్మ మీద పెట్టింది ఆ అదురు వీపుకు తగలడానికి. నా మిషన్ బల్లకు వీపు ఆనించిందీ అందుకే. చీరలు మైల పడతాయని నేను లేపి పంపించాను.

మళ్లీ లోపలికి వెళ్లి ఆయన పక్కన ఒక సంచి మీద కూర్చున్నాను. లేపడానికి చేయి రాలేదు. గంటో, అంతకంటే ఎక్కువో కూర్చున్నాను. సాంచాల దగ్గర వాళ్లు అటూ ఇటూ పోతూ నన్ను చూస్తున్నారు. వాళ్లలో ఒకరిద్దరు మా బిల్డింగ్ వైపు వాళ్లే. చూడనీ అనిపించింది. నన్ను చూసి ఏమనుకున్నా, నిజం కంటే తక్కువే అనుకుంటారు.

మామ కళ్లు తెరిచాడు. నన్ను చూశాడు. అంత మోకాళ్ల నొప్పి మనిషి, బడిలో మాస్టారుకు దొరికిపోయిన పిల్లాడిలా దిగ్గున లేచి నిలబడ్డాడు. నూగు దులుపుకున్నాడు. చేతులు రెండూ ఎత్తి, ఏం లేదు ఏం లేదు అన్నట్టు ఊపాడు. ఆ మోతలో ఆయన మాట నాకు వినబడలేదు. ఆయన పెదవులనే చూశాను, మొదటిసారి.

"గిది మన కరెంటు గాదు బిడ్డా" అంటున్నాడు. "సేఠ్ కరెంటు. మన మీటరు తిరుగది. ఇంట్ల నేనేం ముట్టలే."

నేను ఏడ్చాను. అక్కడ ఎవరు ఎంత గట్టిగా ఏడ్చినా వినబడదు, అది ఒక మేలు. "తప్పయింది మామా" అన్నాను. గొంతు వచ్చిందో లేదో నాకే తెలియదు. ఆయన నా పెదవులు చదువుకున్నాడు. "అరె, దేనికి బిడ్డా, నడువు నడువు" అని నా భుజం తట్టి ముందు నడిచాడు.

సాయంత్రం మా ఆయన రాగానే అంతా చెప్పాను. ఆశ్చర్యపోతాడనుకున్నాను. ఆయన బనియన్ విప్పుతూ, "నాకు తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఫ్యాన్ దేనికో తెలుసు. నేను గూడ సాంచాల మనిషినే గదా."

"మరి చెప్పలేదేంది?"

"నీతోని ఎవరు చెప్తరు?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కంచం ముందు కూర్చున్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటికి ఊరు సంగతి అటుంచి, ఇంట్లో వాళ్లే నోరు మూసుకుని బతుకుతున్నారని నాకు ఆ పూట తెలిసింది.

భంగార్ వాడి కోసం మూడు రోజులు తిరిగాను. ఆ ఫ్యాన్ ఏనాడో ముక్కలై పోయిందన్నాడు. మా అమ్మాయి ఫోన్‌లో సాంచాల చప్పుడు వెతికి తాత చెవి దగ్గర పెట్టింది. ఆయన నవ్వి దాని తల నిమిరాడు. అది వీపుకు తగిలే చప్పుడు కాదు కదా. చివరికి ఉధ్నాలో పాత సామాన్ల దుకాణంలో ఒక ఇనప ఫ్యాన్ దొరికింది. పాతదాని అంత గొంతు లేదు కానీ అదురుతుంది. మంచం పక్కన పెట్టి, నేనే మొహం గోడకు తిప్పి, మంచం కాలు నేనే ఎత్తి దిమ్మ మీద పెట్టాను. మామ పడుకుంటున్నాడు. ఒక్కోరోజు నిద్ర పడుతుంది, ఒక్కోరోజు పట్టదు. అలాంటి రోజు చెప్పులేసుకుని ఖటోదరా పోతాడు. ఎక్కడికని నేను అడగను. ఆటో పైసలు మాత్రం జేబులో పెడతాను.

బాగుపడిందనుకున్నారా? ఇంకొక సంగతి ఉంది. మొదట్లోనే రాయాల్సింది, సిగ్గేసి దాటేశాను. ఈ ఫ్లాటు కొనుక్కున్నాం అని రాశాను కదా, కొన్నది మేము కాదు, మామ. రాత్రి పాళీల మీద కూడబెట్టినదీ, ఊళ్లో తన వంతుకు వచ్చిన భూమి అమ్మినదీ కలిపి కొన్నాడు. మీటరు కోసం కరెంటాఫీసు చుట్టూ తిరిగిందీ ఆయనే. నేను మూడంతస్తులూ తిప్పి చూపించిన ఆ బిల్లు మీద ఉన్న పేరు ఆయనది. ఇప్పటికీ ఆయన పేరు మీదే వస్తుంది.

ఆ మనిషి పొద్దున చాయ్ తాగి మంచం మీద కూర్చుంటాడు. స్విచ్చు ఆయన చేతికి అందే దూరంలోనే ఉంది. ముట్టడు. అడగకుండా వేసుకోమని నేను ఎన్నిసార్లు చెప్పానో, చెప్పినప్పుడల్లా సరేనని తల ఊపుతాడు. మర్నాడు మళ్లీ, వంటింట్లో నుంచి నేను ఇటు తిరిగేదాకా ఓపిగ్గా చూస్తాడు. తిరిగాక నా పెదవుల మీదే కళ్లు పెట్టి అడుగుతాడు.

"బిడ్డా, జరసేపు ఫ్యాన్ ఏసుకోనా?"